మన జ్ఞాపకం – మన సంఘం – మన స్వభావం
(మారిషస్ తెలుగు కుటుంబాల ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది ఉత్సవంలో, ఆటపాటల నడుమ, మనస్తత్వశాస్త్రం గూర్చి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. పచ్చడి తినే వేళ పాఠం చెప్పడం భావ్యం కాదు నిజమే. అయినా సాయంకాలపు తెలుగు తరగతులు నడిపే మా ముందుకు ఏటేటా ఒకే ప్రశ్న వస్తున్నది. "మా తాతలకు వచ్చిన భాష మాకెందుకు రాలేదు? మాకు వచ్చిన నాలుగు ముక్కలైనా మా పిల్లలకెందుకు నిలవడం లేదు?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. దీనికి మామూలుగా వినవచ్చే జవాబులు రెండు. ఒకటి పెద్దల అశ్రద్ధ. రెండు కాలమహిమ. మొదటి జవాబు మనస్సును నొప్పిస్తుంది. రెండవది మన చేతులు కట్టేస్తుంది.

ఈ రెంటికీ నడుమ మూడవ జవాబు ఒకటి ఉన్నది. మనిషి ఎట్లా గుర్తుంచుకుంటాడు, ఎట్లా మరచిపోతాడు, నలుగురిలో ఎట్లా నడుచుకుంటాడు, అతని స్వభావం ఎంతవరకు మారుతుంది అని సుమారు నూట నలభై ఏళ్ళుగా శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలో ఆ జవాబు దొరుకుతుంది. దానిని మన ఇళ్ళకు అన్వయించి చెప్పడమే ఈనాటి మా ప్రయత్నం.

మన పూర్వుల సంగతి మీకు తెలియనిది కాదు. 1834 నుండి కూలి ఒప్పందం మీద భారతదేశం నుండి దాదాపు ఐదు లక్షల మంది ఈ దీవికి వచ్చారు. పోర్ట్ లూయీలో వారు దిగిన ఆప్రవాసి ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ వచ్చిన వారిలో గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారున్నారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే మనవారిని ఇక్కడ 'కొరింగీలు' అని పిలిచారు. వచ్చినవారి వివరాలు వ్రాసిన రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో నేటికీ భద్రంగా ఉన్నాయి. కాగితానికి మరపు లేదు. కాని ఆ కాగితంలో వారి పాట లేదు, వారి పలుకు లేదు. అవి మనుషులలోనే నిలవాలి. అందుచేత మనిషి జ్ఞాపకం పనిచేసే తీరు మనం తెలుసుకోవలసి ఉన్నది.

జ్ఞాపకాన్ని మొట్టమొదట కొలిచి చూసినవాడు జర్మనీ దేశస్థుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్. 1885లో ఆయన తన పరిశోధనను పుస్తకంగా ప్రకటించాడు. ప్రయోగానికి వేరే మనుషులను పెట్టుకోక తన మీద తానే ప్రయోగం చేసికొన్నాడు. అర్థం లేని చిన్న చిన్న అక్షరపు ముక్కలు సుమారు 2300 తయారు చేసి, వాటిని వరుసలుగా కంఠస్థం చేసి, కొంత వ్యవధి తరువాత మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ పడుతుందో లెక్కగట్టాడు. ఇరవై నిమిషాల తరువాత మళ్ళీ నేర్చుకుంటే మొదటి శ్రమలో 58 శాతం కలిసి వచ్చింది. గంట తరువాత 44 శాతం. ఒక రోజు తరువాత 34 శాతం. ఒక నెల తరువాత 21 శాతం.

ఈ లెక్కలో మనకు రెండు విషయాలున్నాయి. మరపు మొదటి గంటల్లో చాలా వేగంగా వస్తుంది, తరువాత మెల్లబడుతుంది. శనివారం సాయంకాలం నేర్చిన పాఠాన్ని మళ్ళీ శనివారం దాకా ముట్టకపోతే దానిలో అధికభాగం జారిపోవడం పిల్లవాడి తప్పు కాదు. అది మనస్సు నడిచే తీరు. ఇక రెండవ విషయం మనకు ధైర్యమిచ్చేది. ఒక్క ముక్క కూడా గుర్తు లేదనుకున్నప్పుడు కూడా మళ్ళీ నేర్చుకునే శ్రమ తగ్గింది. అనగా పూర్తిగా పోయిందనుకున్నది పూర్తిగా పోలేదు.

ఇది అర్థం లేని అక్షరాల సంగతి కదా, భాష సంగతేమిటని మీరు అడగవచ్చు. అమెరికాలో హారీ బారిక్ అనే ఆచార్యుడు, బడిలో స్పానిష్ భాష నేర్చుకున్న 733 మందిని పరీక్షించి 1984లో ఫలితాలు ప్రకటించాడు. వారిలో కొందరు చదువు ముగించి యాభై ఏళ్ళయింది. మొదటి మూడు నుండి ఆరేళ్ళలో చాలా భాగం పోయింది. ఆ తరువాత మిగిలినది సుమారు ముప్పై ఏళ్ళ పాటు దాదాపు అట్లాగే నిలిచి ఉన్నది. ఎవరు మొదట లోతుగా నేర్చుకున్నారో వారికే ఎక్కువ మిగిలింది. కనుక ప్రాథమిక పాఠశాలలో తెలుగు చదివి విడిచిపెట్టిన పిల్లలకు, విడిచిన తరువాతి నాలుగైదేళ్ళే గండం. ఆ గండం దాటేదాకా చేయి పట్టుకోవలసినది మనమే.

మరొక పరిశోధన ఉన్నది. చిన్నతనంలో ఇంట్లో స్పానిష్ వినడమే తప్ప పెద్దగా మాట్లాడని అమెరికా విద్యార్థులు పెద్దయిన తరువాత కళాశాలలో ఆ భాష నేర్చుకున్నారు. ఎన్నడూ వినని తోటి విద్యార్థుల కంటే వారి ఉచ్చారణ ఆ భాష పుట్టుకతో మాట్లాడేవారికి దగ్గరగా వచ్చిందని 2002లో టెరీ అవ్, ఆమె సహచరులు చూపారు. నాయనమ్మ పక్కన కూర్చుని ఏమీ అర్థం కాక ఆవులించిన పసివాడు వృథాగా కూర్చోలేదన్నమాట. వాడి చెవి పని చేస్తూనే ఉన్నది.

ఇక మన జ్ఞాపకానికి హద్దు ఎంత? ఒక్కసారి విని వెంటనే తిరిగి చెప్పగలిగేది సుమారు ఏడు అంశాలని జార్జ్ మిల్లర్ 1956లో వ్రాశాడు. తరువాతి పరిశోధకులు అది నాలుగుకే దగ్గరని తగ్గించారు. అయితే మిల్లర్ అసలు చెప్పినది వేరు. విడి విడి ముక్కలను అర్థమున్న ముడులుగా కట్టుకుంటే ఒక్కొక్క ముడిలో ఎన్నో పట్టుతాయి. విడి అక్షరాలు ఇరవై గుర్తుండవు. ఆ ఇరవై అక్షరాలు ఒక వాక్యమైతే ఒక్కసారికే గుర్తుంటుంది.

ఈ రహస్యం మన భాషలో అవధానులకు ఏనాడో తెలుసు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు వద్దన్న అక్షరం వేయకుండా పద్యం చెప్పమంటారు, మరొకరు మధ్య మధ్య అప్రస్తుత ప్రసంగంతో మనస్సు చెదరగొడతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకుంటూ పోయి, చివర 'ధారణ'లో పద్యాలన్నింటినీ వరుసగా అప్పజెబుతాడు. పందొమ్మిదవ శతాబ్దం చివర తిరుపతి వేంకట కవులు జమీందారుల కొలువులలోనూ ఊరూరా సభలలోనూ ఈ విద్యను చూపి ఆంధ్రదేశమంతటా పేరుపొందారు. ఇందులో సాధన, ప్రతిభ ఉన్నాయి. దానితోపాటు పద్యపు కట్టడం చేసే సాయం కూడా ఉన్నది. ప్రతి పాదంలో రెండవ అక్షరం ప్రాస. నియమిత స్థానంలో యతి. గణాల నడక. ఒక మాట జారితే ఈ మూడూ కలిసి ఆ ఖాళీలో పట్టే మాట ఏదో సూచిస్తాయి. పద్యం తన్ను తానే కాపాడుకుంటుంది.

చెరకు తోటల కాంపులలో బడి లేని రోజుల్లో, పుస్తకం లేని రోజుల్లో మన భాషను మోసినది కూడా ఇటువంటి కట్టడమే. దీపం చుట్టూ చేరి తాళాలతో పాడిన రామభజన పాటలు తరాలు దాటి వచ్చాయి. మామూలు మాటలు రాలిపోయిన చోట కూడా పాట నిలిచింది. లయ దానిని పట్టుకున్నది.

ఇక్కడే ఒక బాధ కూడా ఉన్నది. "పాట వస్తుంది, అర్థం రాదు" అని మనలో చాలా మంది సిగ్గుపడుతూ చెబుతారు. సిగ్గుపడవలసినది లేదు. జ్ఞాపకం ఒకటి కాదు, పలు రకాలని శాస్త్రం తేల్చింది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకునికి మూర్ఛవ్యాధి తగ్గించడానికి 1953లో మెదడుకు శస్త్రచికిత్స చేశారు. ఆ తరువాత 2008లో చనిపోయే వరకు ఆయనకు కొత్త సంఘటన ఏదీ నిలవలేదు. ఇప్పుడు పలకరించి వెళ్ళిన మనిషి మళ్ళీ వస్తే కొత్తవారిగానే తోచేది. అటువంటి వాని చేత బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు, అద్దంలో చూస్తూ నక్షత్రపు బొమ్మ చుట్టూ గీత గీయించింది. రోజు రోజుకూ ఆయన చేయి తేరింది. కాని ప్రతి రోజూ ఈ పని తానెన్నడూ చేయలేదనే అన్నాడు. చేతి జ్ఞాపకం వేరు, సంఘటనల జ్ఞాపకం వేరు. ఇవిగాక మాటల అర్థాల జ్ఞాపకం ఇంకొకటి. ముగ్గు వేసే చేయి, తాళం కొట్టే చేయి, పాట పాడే గొంతు తమ పని మరువలేదు. అర్థమనేది వేరే అర, దానిని వేరుగా నింపుకోవాలి. పాట వచ్చినవారికి అర్థం నేర్పడం, ఏమీ రానివారికి రెండూ నేర్పడం కంటే సులువు. సగం పని మన పూర్వులు చేసి పెట్టారు.

జ్ఞాపకానికి మరో ధర్మం ఉన్నది. మనస్సులో ఉండడం వేరు, అడిగిన వేళకు పైకి రావడం వేరు. 1966లో ఎండెల్ టల్వింగ్, జీనా పెర్ల్‌స్టోన్ అనే ఇద్దరు కెనడాలో విద్యార్థులకు మాటల జాబితాలు ఇచ్చారు. ఊరికే "గుర్తున్నవి వ్రాయండి" అంటే కొన్నే వచ్చాయి. "పక్షుల పేర్లు", "ఆయుధాల పేర్లు" వంటి సూచన ఇస్తే, లేవనుకున్న మాటలు ఎన్నో బయటికి వచ్చాయి. బావిలో నీళ్ళున్నా చేద లేకపోతే పైకి రావు కదా. మన ఇళ్ళల్లో తెలుగు మాటలకు చేదలేవి? వంటింట్లో చింతపండు వాసన ఒకటి. పెళ్ళిలో తలంబ్రాలు ఒకటి. పెద్దవారిని పిలిచే పిలుపులు, అత్త, మామ, బావ, వదిన ఇవన్నీ చేదలే. ఆ సందర్భాలు తగ్గినకొద్దీ మాటలు అడుగున ఉండిపోతున్నాయి.

మోరిస్ హాల్బ్‌వాక్స్ అనే ఫ్రెంచి పండితుడు 1925లోనే ఈ మాట మరింత విస్తరించి చెప్పాడు. మనిషి ఒంటరిగా గుర్తుంచుకోడు, తన కుటుంబం, తన గుంపు ఇచ్చిన చట్రంలోనే గుర్తుంచుకుంటాడన్నాడు. కలిసి కాపురం చేసే వారి మధ్య జ్ఞాపకం పంచబడి ఉంటుందని అమెరికాలో డానియల్ వెగ్నర్ 1980ల నాటికి వివరించాడు. చుట్టాల వరుసలు ఆమెకు గుర్తు, లెక్కలు ఈయనకు గుర్తు. ఒకరికి తెలిసినది రెండవవారు మోయనక్కరలేదు, ఎవరిని అడగాలో తెలిస్తే చాలు. ఈ ఏర్పాటు ఎంతో సౌకర్యమైనది. కాని దానిలో ఒక అపాయమున్నది. "అమ్మమ్మకు తెలుసులే" అని ఇంటిల్లిపాదీ అనుకుంటే, అమ్మమ్మ పోయిన నాడు ఇంటి జ్ఞాపకంలో ఒక గది మూతపడుతుంది. తరువాత తాళంచెవి ఎవరి దగ్గరా ఉండదు. అమ్మమ్మలు ఉన్న ఇళ్ళవారు ఈ మాట నేడే ఆలోచించాలి.

ఇంతవరకు ఒక్క మనిషి మనస్సు, ఒక్క ఇంటి మనస్సు గూర్చి చెప్పాము. మన పిల్లలు ఇంట్లోనే ఉండరు. బడికి వెళ్తారు, బస్సెక్కుతారు, ఆటస్థలంలో క్రియోల్‌లో కేకలు వేస్తారు. క్రియోల్ ఈ దేశపు ప్రజల భాష, దానితో మనకు తగువు లేదు. ప్రశ్న ఏమంటే, నలుగురి నడుమ పిల్లవాడు తనకు వచ్చిన తెలుగు మాటను ఎందుకు మింగేస్తాడు?

1951 నుండి 1956 వరకు అమెరికాలో సొలొమన్ ఆష్ ప్రకటించిన ప్రయోగాలు దీనికి జవాబు చెబుతాయి. ఒక అట్టపై ఒక గీత, మరొక అట్టపై మూడు గీతలు. మూడింటిలో మొదటి గీతతో సమానమైనదేదో చెప్పాలి. ఒంటరిగా అడిగితే నూటికి ఒకటి కూడా తప్పు రాదు, అంత తేలిక. అదే మనిషిని కొందరి నడుమ కూర్చోబెట్టారు. ఆ చుట్టూ ఉన్నవారు ముందే చెప్పించుకుని వచ్చినవారు. వారందరూ ఒకే గొంతుతో తప్పు గీతను చూపారు. అప్పుడు ఈ మనిషి జవాబులలో నూటికి దాదాపు 37 తప్పులు వచ్చాయి. పరీక్షకు కూర్చున్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది ఒక్కసారైనా గుంపుకు లొంగారు. వారి కళ్ళు చెడిపోలేదు. నలుగురిలో వేరుగా కనబడడం వారికి కష్టమయింది.

కళ్ళెదుటి గీత విషయంలోనే పెద్దవారు ఇంతగా తడబడితే, పదేళ్ళ పిల్లవాడు బస్‌స్టాప్‌లో "అమ్మా, ఇటు రా" అని తెలుగులో పిలవడానికి జంకడంలో వింతేమున్నది? దానిని భాషాద్రోహమని కోప్పడడం తగదు.

అయితే ఆష్ ప్రయోగంలో మనకు పనికివచ్చే అసలు ముక్క ఇంకా ఉన్నది. ఆ గుంపులో ఒక్కడు, ఒకే ఒక్కడు, నిజం చెప్పేవాడు తోడుగా ఉంటే తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ తోడు మనిషి మధ్యలో పని ఉన్నదని లేచి వెళ్ళిపోయినా అతడిచ్చిన ధైర్యం కొంతవరకు నిలిచింది. అదే తోడు మనిషి కూర్చునే ఉండి గుంపు వైపు తిరిగితే మాత్రం తప్పులు మళ్ళీ ఒక్కసారిగా పెరిగాయి. పిల్లవానికి పెద్ద సైన్యం అక్కరలేదు. తోడుగా ఒక అక్క చాలు, ఒక పిన్ని కొడుకు చాలు. కాని ఆ అక్కే అందరి ముందు వాడి తెలుగును చూసి నవ్వితే, బయటివారు వందమంది నవ్విన దానికంటే ఎక్కువ నష్టం.

ఇంకొక సంగతి. భాషను బట్టి మనిషి గుణాన్ని ఊహించే అలవాటు లోకంలో ఉన్నది. 1960లో కెనడాలోని మాంట్రియల్‌లో వాలెస్ లాంబర్ట్, ఆయన సహచరులు ఒక తమాషా చేశారు. రెండు భాషలూ చక్కగా వచ్చిన వారి చేత ఒకే విషయాన్ని ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి చదివించి వినిపించారు. విన్నవారికి ఇద్దరూ ఒకరేనని తెలియదు. ఇంగ్లీషులో చదివినప్పుడు ఆ మనిషి తెలివైనవాడుగా, నమ్మదగినవాడుగా తోచాడు. విచిత్రమేమంటే, ఫ్రెంచి వారు కూడా ఫ్రెంచి గొంతు కంటే ఇంగ్లీషు గొంతుకే ఎక్కువ మార్కులు వేశారు. తమ భాషను తామే ఒక మెట్టు కింద చూశారు. మనలో ఫ్రెంచి ముక్క పలికితే చదువుకున్నవాడనీ, తెలుగు ముక్క పలికితే పాతకాలపు వాడనీ అనుకునేవారు లేరా? పిల్లలు మన పాఠాలు వినకపోవచ్చు. మన ముఖాలు మాత్రం చదువుతారు.

గుంపును మార్చే శక్తి కొద్దిమందికి ఉంటుందా అంటే కొంత ఉన్నదని ఫ్రాన్సులో సెర్జ్ మోస్కోవిసి 1969లో చూపాడు. నీలపు రంగు చూపి, ఆరుగురిలో ఇద్దరి చేత ప్రతిసారీ "ఆకుపచ్చ" అనిపించాడు. మిగిలినవారి జవాబులలో నూటికి ఎనిమిది ఆ ఇద్దరి వైపు మొగ్గాయి. ఆ ఇద్దరూ ఒకసారి ఒకమాట, మరోసారి మరోమాట అన్నప్పుడు ఆ ప్రభావం నూటికి ఒకటికి తగ్గింది. ఎనిమిది పెద్ద సంఖ్య కాదు. కాని తప్పు మాటకే స్థిరత్వం వల్ల అంత బలం వస్తే, మంచి మాటకు రాదా? ఇంట్లో ఇద్దరు పెద్దలు రోజూ, మానకుండా, ఒకే తీరుగా తెలుగు పలికితే దానికి విలువ ఉన్నది. ఉగాది నాడు మాత్రమే పలికితే ఆ బలం రాదు.

చివరి భాగం స్వభావం గూర్చి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని మన సామెత. "వీడు సిగ్గరి, వీడికి భాష రాదు, వీడి గుణమే అంత" అని ముద్ర వేసేటప్పుడు ఈ సామెతే మనకు సాక్ష్యం. శాస్త్రం దీనిని సగం ఒప్పుకుంటుంది, సగం ఒప్పుకోదు.

మనుషుల గుణాలను చెప్పే మాటలు ఇంగ్లీషు నిఘంటువులో ఎన్ని ఉన్నాయో 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ లెక్కించారు. సుమారు 18,000 తేలాయి. తరువాతి వారు వాటిని వడగట్టి ఐదు పెద్ద గుణాలకు తెచ్చారు. కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమం, నలుగురిలో కలుపుగోలుతనం, మెత్తని మనస్సు, తేలికగా కలతపడే గుణం. వీటిలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు సగం వంశపారంపర్యమని కవల పిల్లల పరిశోధనలు చెబుతున్నాయి. ఇది సామెత గెలిచిన సగం. కాని చాలా ఏళ్ళపాటు అవే మనుషులను పరిశీలించిన 92 అధ్యయనాలను కలిపి చూసి, బ్రెంట్ రాబర్ట్స్, ఆయన సహచరులు 2006లో మరో మాట తేల్చారు. పనిలో క్రమం, మనోనిబ్బరం ముఖ్యంగా ఇరవై నుండి నలభై ఏళ్ళ నడుమ పెరుగుతాయి. ఆ తరువాత కూడా మార్పు ఆగదు. ఇది సామెత ఓడిన సగం.

ఇంతకంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి లీ రాస్ 1977లో చేశాడు. ఇతరుల ప్రవర్తన చూసినప్పుడు మనం పరిస్థితిని తక్కువగా, స్వభావాన్ని ఎక్కువగా లెక్కిస్తామన్నాడు. పిల్లవాడు వేదిక మీద పాట మధ్యలో ఆగిపోతే "శ్రద్ధ లేదు" అంటాము. ఆ పాటను వాడు ఎన్నిసార్లు పాడాడు, ఎవరి తోడుతో పాడాడు, అర్థం ఎవరైనా చెప్పారా అని అడగము. సిగ్గరి పిల్లకు వేదిక వద్దు, తాతయ్యకు తెలుగులో నాలుగు వాక్యాల ఉత్తరం వ్రాయించండి. చలాకీ పిల్లవానికి ఉత్తరం వద్దు, నాటకంలో వేషం ఇవ్వండి. భాష రెంటిలోనూ ఉన్నది. భాష రక్తంలో ఉండదు, స్వభావంలోనూ ఉండదు. అది అలవాటులో ఉంటుంది, ఆ అలవాటును నిలిపే తోడులో ఉంటుంది.

సరే, ఇంటికి వెళ్ళి ఏమి చేయాలి? మా మనవి నాలుగే మాటలు.

మొదటిది, చెప్పడం తగ్గించి అడగడం పెంచండి. 2006లో రోడిగర్, కార్పిక్ చేసిన ప్రయోగంలో ఒక జట్టు పాఠాన్ని రెండుసార్లు చదివింది. మరొక జట్టు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది వ్రాసింది. ఐదు నిమిషాలకు పరీక్షిస్తే చదివినవారే కొంచెం మేలు. వారం తరువాత చదివినవారికి 42 శాతం, గుర్తుచేసుకుని వ్రాసినవారికి 56 శాతం నిలిచింది. జ్ఞాపకం లోపల పోయడం వల్ల కంటే బయటికి తీయడం వల్ల బలపడుతుంది. "ఇది ఉప్పు" అని పదిసార్లు చెప్పే బదులు, రెండు రోజులాగి "దీన్నేమంటారు నాన్నా?" అని అడగండి. గుర్తు రాకపోతే కసరకండి. మొదటి అక్షరం అందించండి.

రెండవది, కొంచెం కొంచెంగా, ఎడం ఇచ్చి చేయండి. వారానికి ఒక గంట కంటే రోజుకు పది నిమిషాలు మేలు. ఇంట్లో ఒక పనిని తెలుగుకు అప్పగించండి. అన్నం వడ్డించే వేళ కావచ్చు, దీపం పెట్టే వేళ కావచ్చు. ఆ వేళే ఆ మాటలకు చేద అవుతుంది.

మూడవది, ఏ పిల్లనూ ఒంటరిగా పంపకండి. తెలుగు తరగతికి ఇద్దరిద్దరు రావాలి. అన్నదమ్ములో, పక్కింటివారో, ఎవరైనా సరే. ఒకరికి మరొకరు తోడు. ఆ ఇద్దరిలో ఎవరు తప్పు పలికినా ఇంట్లో నవ్వు వినబడకూడదు.

నాలుగవది, పెద్దల దగ్గర కూర్చోండి. మీ నాయనమ్మ పాడే పాటను సెల్‌ఫోనులో పట్టుకోండి, తప్పక పట్టుకోండి. కాని అక్కడితో ఆగితే అది కూడా రిజిస్టరు కాగితంలాగే పెట్టెలో ఉండిపోతుంది. మనవరాలు దానిని నేర్చి మళ్ళీ నాయనమ్మకే పాడి వినిపించాలి. నాయనమ్మ దిద్దాలి. అప్పుడే ఆ గది తాళంచెవి మరొక చేతికి వచ్చినట్లు. నేర్చేటప్పుడు ఒకటి రెండు మాటలు మారితే భయపడకండి. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో చూపినట్లు, మనిషి కథను ఉన్నదున్నట్టు దాచుకోడు. తనకు తెలిసిన లోకానికి సరిపడేటట్లు ప్రతిసారీ మళ్ళీ కట్టుకుంటాడు. గోదావరి ఒడ్డు పాట ఇక్కడి చెరకు తోటల పాటగా మారి ఉంటే, అది పాడేవారు బ్రతికి ఉన్నారని గుర్తు.

సోదరీసోదరులారా, ఈ దీవిలో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. ప్రాథమిక పాఠశాలలో తెలుగు నేర్చుకునే వీలున్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మన గడ్డ మీదనే జరిగాయి. ఇవన్నీ మన పెద్దల కృషి ఫలం, మనకు గర్వకారణం. కాని సెలవు ఇచ్చినంత మాత్రాన భాష గుర్తుండదు. గుర్తుండడమనేది ఇంటింటా, ఇద్దరిద్దరి మధ్య, ప్రతిరోజూ జరగవలసిన చిన్న పని. మరచినందుకు ఎవరినీ నిందించనక్కరలేదు. మరచినది తిరిగి రావడానికి మొదటంత శ్రమ పట్టదని శాస్త్రమే హామీ ఇస్తున్నది. ఆ మిగిలిన శ్రమను పంచుకుందాం.

ఈ సాయంకాలం భోజనాల పంక్తిలో మీ పక్కన కూర్చున్న పిల్లను ఒక్క మాట తెలుగులో అడగండి. జవాబు వచ్చేదాకా కొంచెం ఓపిక పట్టండి. ఆ ఓపికతోనే మన పని మొదలవుతుంది.